గ్రాంట్ వుడ్ బడిపిల్లలకు బొమ్మలు ఎలా నేర్పారు?

ప్రశ్న: బొమ్మల టీచరు, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను అనంతపురానికి దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తున్నాను. గత వారం ఎనిమిదో తరగతి పిల్లలకు తెల్లకాగితాలు పంచి, మీ ఊరి బొమ్మ వేయండి అని చెప్పాను. నలభై ఒక్కమందిలో ముప్ఫైమందికి పైగా ఒకే బొమ్మ వేసి ఇచ్చారు: రెండు కోసు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కొండల్లోంచి దిగివచ్చే నది, నదిలో తెరచాప పడవ, గట్టున కొబ్బరిచెట్టు, పక్కన ఒక పెంకుటిల్లు. మా తరగతి గది కిటికీలోంచి చూస్తే కనిపించేవి శెనక్కాయల చేలు, దూరాన తిరిగే గాలిమరలు, నీళ్లు లేని చెరువు, దాని కట్ట మీద తుమ్మచెట్లు. ఆ పిల్లల్లో పడవను కళ్లారా చూసినవారు ఒకరిద్దరైనా ఉన్నారా అన్నది నాకు అనుమానమే.

అమెరికా చిత్రకారుడు గ్రాంట్ వుడ్ తన సొంత ప్రాంతమైన అయోవాను వదలకుండా అక్కడి పొలాలనూ మనుషులనూ చిత్రించారనీ, చాలాకాలం బడిలో బొమ్మలు నేర్పారనీ ఎక్కడో చదివాను. నాకు తెలిసినదల్లా ఆయన వేసిన ‘అమెరికన్ గోతిక్’ ఒక్కటే, అదే, చేతిలో గడ్డి ఎత్తే మూడు పళ్ల కొంకి పట్టుకున్న ముసలాయన, ఆయన పక్కన ముఖం ముడుచుకున్న స్త్రీ. ఆయన బడిలో నిజంగా ఏం నేర్పారు, ఎలా నేర్పారు? చుట్టూ ఉన్నదే వేయండి అని పిల్లలకు చెబితే సరిపోతుందా, లేక దానికి ముందు వేరే ఏదైనా చేయించాలా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

అమ్మా, గ్రాంట్ వుడ్ మీద నాకు ఆసక్తి కలిగించినది అమెరికన్ గోతిక్ కాదు, ఒక బల్ల. అయోవాలోని సీడార్ ర్యాపిడ్స్ పట్టణంలో మెకిన్లీ జూనియర్ హైస్కూలు అనే బడి ఉండేది. అక్కడ తప్పు చేసిన పిల్లలు ప్రధానోపాధ్యాయుడి పిలుపు కోసం గది బయట కూర్చుని ఎదురుచూడవలసి వచ్చేది. అలా కూర్చునే పిల్లల కోసం వుడ్ తన విద్యార్థుల చేత 1921-22 ప్రాంతంలో ఓక్ చెక్కతో ఒక బల్ల చేయించి, దాని వీపు పలక మీద ‘అతిక్రమించేవాడి దారి కఠినం’ అనే అర్థం వచ్చే బైబిలు వాక్యాన్ని చెక్కించారు. బల్ల చేసిన పిల్లల్లోనే ఎవరో ఒకరు మరునాడు దాని మీద తలవంచుకుని కూర్చుని ఉంటారని తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. ఇప్పుడది సీడార్ ర్యాపిడ్స్ కళాసంగ్రహాలయంలో ఉంది.

ఆయన బోధన ఎలాంటిదో ఆ ఒక్క బల్ల చెబుతుంది. వుడ్ చిత్రకారుడు కావడానికి ముందు చేతిపనివాడు. 1891 ఫిబ్రవరి 13న అనమోసా అనే చిన్న పట్టణానికి దగ్గరలోని పొలం ఇంట్లో పుట్టారు; పదేళ్ల వయసులో, 1901లో, తండ్రి చనిపోవడంతో తల్లి పొలం అమ్మి పిల్లలను సీడార్ ర్యాపిడ్స్‌కు తీసుకువచ్చింది. 1910లో హైస్కూలు చదువు ముగియగానే మినియాపోలిస్ వెళ్లి హస్తకళలు నేర్చుకున్నారు, తిరిగి వచ్చి కొంతకాలం ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పాఠాలు చెప్పారు, తరువాత చికాగోలో వెండిపని చేస్తూ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తరగతులకు వెళ్లారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో చేరినప్పుడు కూడా ఆయనకు అప్పగించినది శత్రువు కంటికి ఆనకుండా రంగులు వేసి మరుగుపరిచే పనే. సైన్యం నుంచి వచ్చాక 1919లో సీడార్ ర్యాపిడ్స్ ప్రభుత్వ పాఠశాలల్లో చేరి, మొదట జాక్సన్ బడిలోనూ ఆ తరువాత మెకిన్లీ బడిలోనూ 1925 వరకు పనిచేశారు. పిల్లలందరి చేత కలిపి పొడవాటి చుట్టకాగితం మీద ఊహాద్వీపాల వరుసచిత్రం వేయించారు. అంటే గమనించండి, ‘మీ ఊరు వేయండి’ అని ఆయన ఆ రోజుల్లో చెప్పలేదు. అసలు ఆయన తన ఊరినే ఇంకా చూడలేదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందనిపిస్తుంది. 1920లో మొదటిసారి, 1923-24లో రెండోసారి ఆయన ఐరోపా వెళ్లి, పారిస్‌లో అకాడమీ జూలియన్‌లో చదివి, అక్కడి వీధులనూ చర్చి వాకిళ్లనూ మసకమసక రంగులతో, అప్పటికే ఫ్రెంచివారికి పాతబడిపోయిన పద్ధతిలో వేసుకుని వచ్చారు. గడ్డం కూడా పెంచుకుని వచ్చారట. మీ పిల్లలు వేసిన కొబ్బరిచెట్టూ పడవా ఎలాంటివో ఆ పారిస్ వీధులు కూడా అలాంటివే, ఎవరో బొమ్మ అంటే ఇదీ అని చెప్పగా చేతికి అలవాటైన బొమ్మలు. వుడ్‌కు ఆ అలవాటు వదలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలను అంతగా తప్పుపట్టకండి.

ఆ అలవాటు వదిలించినది ఒక కిటికీ. యుద్ధంలో మరణించిన సైనికుల స్మారక భవనానికి రంగుటద్దాల కిటికీ రూపొందించే పనిని సీడార్ ర్యాపిడ్స్ నగరం 1927లో ఆయనకు అప్పగించింది. ఇరవై నాలుగు అడుగుల ఎత్తు ఉన్న ఆ కిటికీకి అద్దాలు తయారు చేయించడానికి 1928లో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లినప్పుడు, అక్కడి చిత్రశాలలో పదిహేనో శతాబ్దపు మెమ్లింగ్ వంటి ఉత్తర ఐరోపా చిత్రకారుల పటాలను చూశారు. వాటిలో ప్రతి కుట్టూ, ప్రతి ఆకూ, వేలి ఉంగరంతో సహా స్పష్టంగా, గట్టిగా ఉంటాయి; పవిత్ర కథల్లోని మనుషులు కూడా ఆ చిత్రకారుడి ఊరివారి బట్టలే కట్టుకుని, ఆ ఊరి కొండల ముందే నిలబడి ఉంటారు. మరుసటి ఏడాది వుడ్ తన తల్లిని కూర్చోబెట్టి, చేతిలో ఒక మొక్క ఉన్న కుండీతో, వెనుక అయోవా పొలాలతో చిత్రించారు. ఆ తరువాతి ఏడాది అమెరికన్ గోతిక్ వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్ఫై తొమ్మిదేళ్లు.

ఆ బొమ్మ గురించి ఒక సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి. అందులోని ఇల్లు ఎల్డన్ అనే ఊళ్లో ఉంది, ఇప్పటికీ ఉంది. స్త్రీకి నమూనాగా కూర్చున్నది వుడ్ చెల్లెలు నాన్, పురుషుడికి నమూనా ఆయన పళ్ల డాక్టరు. ఆ ముగ్గురూ, అంటే ఇల్లూ డాక్టరూ చెల్లెలూ, ఆ బొమ్మ కోసం ఏనాడూ ఒకచోట చేరలేదు. ఎవరిని వారిగా వేసి ఒకే పలక మీద కలిపారు. చేతిలోని కొంకికి ఉన్న మూడు పళ్ల ఆకారమే ముసలాయన వేసుకున్న ఓవరాల్స్ అనే పనిబట్టల ముందు కుట్టులో మళ్లీ కనిపిస్తుంది. మన లేపాక్షి పైకప్పు చిత్రాల్లో మనుషులు కట్టుకున్న చీరల అంచులను చూసినవారికి ఇలాంటి శ్రద్ధ కొత్తేమీ కాదు. చికాగో ప్రదర్శనలో ఆ చిత్రానికి కాంస్య పతకం, 300 డాలర్ల బహుమతి వచ్చాయి.

జవాబు: నాపరాయి, బేతంచెర్ల

కడప సార్ చెప్పినదానికి ఒక చేర్పు. మాది బేతంచెర్ల వైపు; జిల్లా ఇప్పుడు నంద్యాల అయినా మాకు నోటికి వచ్చేది ఇంకా కర్నూలే. మా ఇంటివారు మూడు తరాలుగా నాపరాళ్ల గనుల్లో పనిచేస్తున్నారు కాబట్టి వుడ్ కథలో నన్ను ఆకట్టుకున్నది అయోవాలోని ‘స్టోన్ సిటీ’ అనే ఊరు. అదీ సున్నపురాయి ఊరే. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి గనుల రాయితో ఎన్నో వంతెనలూ భవనాలూ కట్టారు. తరువాత పోర్ట్‌లాండ్ సిమెంటు రావడంతో రాయికి గిరాకీ పోయి, ఊరు దాదాపు ఖాళీ అయింది. వుడ్ ఆ ఊరిని 1930లో చిత్రించారు. ఆ పటంలో గని ఒక మూలకు ఒదిగి ఉంటుంది. గుండ్రటి కొండలు, బొమ్మల్లాంటి చెట్లు, వరుస తప్పని మొలకలు మిగిలిన చోటంతా ఆక్రమిస్తాయి. రాయి పోయిన ఊరిని సేద్యం తిరిగి తీసుకున్నట్లు నాకు కనిపిస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలనూ, మా వైపు పాడుబడిన గని గుంతల్లో నిలిచిన పచ్చటి నీళ్లనూ చూసినవారికి ఆ బొమ్మ వేరేగా కనిపిస్తుంది.

అదే ఊళ్లో 1932, 1933 వేసవుల్లో వుడ్ మరి కొందరితో కలిసి ఒక చిత్రకళా శిబిరం నడిపారు. ఉండటానికి చోటు చాలక, ఇళ్లకు మంచుగడ్డలు సరఫరా చేసే పాత గుర్రపుబండ్లను తెచ్చి, వాటినే గదులుగా మార్చుకున్నారు. ఎవరి బండికి వారు రంగులు వేసుకున్నారు. డబ్బు చాలక రెండు వేసవులతోనే శిబిరం ఆగిపోయింది. ఆయన సొంత నివాసం కూడా ఇలాంటిదే. సీడార్ ర్యాపిడ్స్‌లో అంత్యక్రియల సంస్థ నడిపే ఒక పెద్దమనిషి తన వాహనాల కొట్టం మీది అటకను ఇవ్వగా, వుడ్ 1924 నుంచి సుమారు పదేళ్లు తల్లితో కలిసి అక్కడే ఉంటూ బొమ్మలు వేశారు. శవపేటిక మూతను తలుపుగా బిగించి, దాని మీద గడియారం ముఖంలాంటి పలక పెట్టి, తాను లోపల ఉన్నదీ బయటికి వెళ్లినదీ స్నానం చేస్తున్నదీ ముల్లు తిప్పి చూపేవారు. అమెరికన్ గోతిక్ ఆ అటక మీద పుట్టినదే.

జవాబు: వానకోసం, కళ్యాణదుర్గం

పై ఇద్దరూ చెప్పినవి ఆసక్తిగా చదివాను. అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. వుడ్ ఆ గుండ్రటి కొండలనూ పచ్చటి చేలనూ వేస్తున్న 1930, 1931, 1932 సంవత్సరాల్లో అయోవా రైతు నిజంగా ఎలా ఉన్నాడు? మొక్కజొన్న ధర ఎంతగా పడిపోయిందంటే, బొగ్గు కొనడం కంటే కంకులను పొయ్యిలో వేసుకోవడమే చవక అని కొందరు అదే పని చేశారు. బ్యాంకులు పొలాలను వేలం వేస్తుంటే, 1933 ఏప్రిల్‌లో ల మార్స్ అనే ఊళ్లో రైతులు ఒక న్యాయమూర్తిని కోర్టు గదిలోంచి బయటికి ఈడ్చి, మెడకు ఉరితాడు వేసి, చంపినంత పని చేశారు. ఆ తరువాత ఆ ప్రాంతంలో సైనిక పాలన విధించవలసి వచ్చింది. వుడ్ పొలాల్లో ఈ సంగతి ఒక్క గీతలోనైనా ఉందా? 1931లో వేసిన ‘ఫాల్ ప్లవింగ్’ చిత్రంలో ముందువైపు చాలులో ఒక ఉక్కు మడక ఒంటరిగా నిలబడి ఉంటుంది, దున్నే మనిషి లేడు, చెమట లేదు, అప్పు లేదు. ఆ పటం ఇప్పుడు ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ సంగ్రహంలో ఉండటం నాకు వింతగా తోచదు.

నేను పుట్టింది వాన సరిగా పడని తాలూకాలో. మూడేళ్లు వరుసగా శెనక్కాయలు ఊడ ఎండిపోయిన చేలో మా నాయన గొర్రు పక్కన కూర్చున్న తీరు నాకు గుర్తుంది. ఎవరైనా మా చేనును ఆకుపచ్చ దిండుల్లా గుండ్రంగా వేసి, ఇదీ మీ ఊరు అంటే నేను ఒప్పుకోను. టీచరు గారూ, కొబ్బరిచెట్టుకు బదులు అందమైన శెనక్కాయల చేను వేయించినంత మాత్రాన పిల్లలు తమ ఊరిని వేసినట్లు కాదు. అది కూడా ఇంకో రకం కొబ్బరిచెట్టే.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

కళ్యాణదుర్గం మిత్రులు అడిగినది న్యాయమైన ప్రశ్న, ఆ విమర్శ ఆయన బతికుండగానే వచ్చింది. ఓవరాల్స్ వేసుకుని ఫోటోలు దిగే ఈ మనిషి పదేళ్ల వయసు తరువాత సేద్యం చేసినవాడు కాడని కూడా అన్నారు, అది నిజమే. కానీ ఆ పదేళ్ల సంగతే ఆయన చిత్రాలకు తాళంచెవి అని నేను అనుకుంటాను. ఆ కొండలు 1931 నాటి అయోవా కొండలు కావు, తండ్రి చనిపోకముందు, పొలం అమ్మకముందు ఒక పిల్లవాడు చూసిన కొండలు. 1934లో వేసిన ‘డిన్నర్ ఫర్ థ్రెషర్స్’ అనే పొడవాటి చిత్రంలో కొట్టం మీద 1892 అని రాసి ఉంటుంది. నూర్పిళ్ల రోజున పొరుగు రైతులంతా వచ్చి ఒకే బల్ల ముందు మధ్యాహ్న భోజనం చేస్తుంటారు. ఇంటి గోడను కోసి తీసినట్లు లోపలి గది మొత్తం మనకు కనిపిస్తుంది. బల్ల ముందు కూర్చున్న మగవారి ముఖాలు ఎండకు కమిలి ఎర్రగా ఉండగా, టోపీ కింద దాగిన నుదురు పైభాగం మాత్రం పాలిపోయి తెల్లగా ఉంటుంది. ఇది పొలాన్ని దూరం నుంచి చూసినవాడికి తట్టే వివరం కాదు. అయినా మీరు అన్న అప్పూ వేలమూ ఆయన చేలల్లో లేవన్నది నేను కాదనను.

ఆయన కోపం చూపిన చోటు వేరే ఉంది. స్మారక భవనం కిటికీకి అద్దాలు జర్మనీలో చేయించారని, యుద్ధంలో మనవారిని చంపిన దేశపు అద్దాలా అని, అమెరికా స్వాతంత్ర్య యోధుల వంశీకులమని చెప్పుకునే మహిళల సంఘంవారు అభ్యంతరం చెప్పారు. ఆ గొడవలో కిటికీకి ప్రతిష్ఠ జరగడానికి 1955 వరకు పట్టింది, అప్పటికి వుడ్ చనిపోయి పదమూడేళ్లు. ఆయన 1932లో ఒక చిత్రంతో దానికి బదులు తీర్చుకున్నారు. అందులో ముగ్గురు పెద్దావిడలు బిగిసిన పెదవులతో నిలబడి ఉంటారు, ఒకావిడ చేతిలో టీ కప్పు ఉంటుంది. వారి వెనుక గోడకు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనాని జార్జ్ వాషింగ్టన్ మంచుగడ్డలు తేలే నదిని దాటే ప్రసిద్ధ చిత్రం వేలాడుతూ ఉంటుంది. ఆ వాషింగ్టన్ పటాన్ని వేసినది జర్మనీలో పుట్టిన లాయిట్సె అనే చిత్రకారుడు, వేసినది కూడా జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లోనే. ఆ సంగతి తెలిసినవారికే ఆ హాస్యం అందుతుంది.

అధ్యాపకుడిగా ఆయన రెండో దశ 1934లో మొదలైంది. ప్రభుత్వం నిరుద్యోగ చిత్రకారులకు పని కల్పించే పథకానికి అయోవాలో ఆయన బాధ్యుడై, ఏమ్స్‌లోని కళాశాల గ్రంథాలయానికి కుడ్యచిత్రాలు వేయించారు. అంత పెద్ద పటాలు వేయడానికి చోటు దొరక్క, అయోవా సిటీ అనే ఊళ్లో వాడకంలో లేని ఒక ఈతకొలనులో దిగి పనిచేశారు. అదే ఏడాది అయోవా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. సొంత ప్రాంతాన్నే చిత్రించినవారిగా ఆయనతోపాటు ఒకే గుంపుగా చెప్పుకునే మిస్సోరీ చిత్రకారుడు బెంటన్ కూడా గురువే, తరువాత నైరూప్య చిత్రాలతో పేరుపొందిన జాక్సన్ పోలాక్ బెంటన్ శిష్యుడు. ఆ గుంపులోనే మూడోవాడు, కాన్సస్‌కు చెందిన కర్రీని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వ్యవసాయ కళాశాలలో ఆస్థాన చిత్రకారుడిగా నియమించారు. వ్యవసాయ కళాశాలలో చిత్రకారుడు అన్న ఆలోచన మన విశ్వవిద్యాలయాలకు ఇంకా తట్టలేదు.

వుడ్ శిష్యుల్లో ఒకరి పేరు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఎలిజబెత్ కాట్లెట్ అనే నల్లజాతి యువతి అక్కడ చదివి, 1940లో లలితకళల్లో ఎంఎఫ్ఏ పట్టా తీసుకుంది. ఆ విశ్వవిద్యాలయం వసతిగృహంలో ఆమెకు చోటు ఇవ్వలేదు. నీకు బాగా తెలిసినదాన్నే చెయ్యి అని వుడ్ ఆమెకు సలహా ఇచ్చారు. ఆమె ఎంచుకున్నది అయోవా కొండలను కాదు. ఒక నల్లజాతి తల్లినీ బిడ్డనూ రాతిలో చెక్కింది, ఆ తరువాత జీవితమంతా అలాంటి స్త్రీలనే చెక్కుతూ వచ్చింది. మిత్రమా, మీరు వుడ్ చిత్రాల్లో లేదన్న కష్టం ఆయన పాఠం విన్న ఆ శిష్యురాలి పనిలో ఉంది. గురువుగా ఆయన్ని అక్కడ అంచనా వేయవచ్చని నా అభిప్రాయం.

చివరి రోజులు ఆయనకు ప్రశాంతంగా గడవలేదు. శాఖలో ఆధునిక కళను కోరే సహోద్యోగులతో విభేదాలు ముదిరి, 1941 నాటికి ఆయనకు శాఖతో సంబంధం లేని వేరే ఏర్పాటు చేయవలసి వచ్చింది. 1942 ఫిబ్రవరి 12న, యాభై ఒకటో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, క్లోమగ్రంథి క్యాన్సర్‌తో మరణించారు.

జవాబు: బొమ్మల టీచరు, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి చదివాక, అనంతపురంలో ఒక జెరాక్సు షాపులో ‘డిన్నర్ ఫర్ థ్రెషర్స్’ పటాన్ని పెద్ద కాగితం మీద రంగుల్లో ముద్రింపించి తరగతికి తీసుకువెళ్లాను. ఊరు, పల్లె, ప్రకృతి అనే మాటలేవీ వాడలేదు. ఈ మనుషుల నుదుళ్లు ఎందుకు తెల్లగా ఉన్నాయో చెప్పండి అని మాత్రం అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనుక వరుసలో ఒక అమ్మాయి, మా నాయన తలగుడ్డ తీసినా అట్లే ఉంటుంది మిస్, అని చెప్పింది. ఆ తరువాత తరగతిని ఆపడం కష్టమైంది. అందరూ తమ తమ నాయనల, తాతల మెడలూ చేతులూ ఏయే చోట ఎంత నల్లగా ఉంటాయో చెప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజు కాగితాలు ఇచ్చి, మీ ఇంట్లో అందరూ ఒకచోట చేరిన రోజు ఒకటి వేయండి అన్నాను. పెళ్లిళ్లు వచ్చాయి, పీర్ల పండగ వచ్చింది, శెనక్కాయలు వలిచే రాత్రి వచ్చింది. ఒక అబ్బాయి బోరు లారీని వేశాడు. లారీ వెనుక నిలువు గొట్టం, చుట్టూ ఇంటివారంతా, అవ్వ చేతిలో టెంకాయ, పక్కనే కట్టేసిన మేక. గొట్టం దగ్గర కాగితాన్ని ఖాళీగా వదిలేశాడు. ఇక్కడ ఏమీ వేయలేదేమి అని అడిగితే, అది పొడి మిస్, తెల్లగా లేస్తుంది కదా, అందుకని కాగితమే వదిలాను అన్నాడు. నీళ్లు పడ్డాయా అని అడిగాను. ఆరువందల అడుగులు వేశారట, పొడే వచ్చిందట. నీళ్లు పడినట్లు వేయమంటారా అని నన్నే అడిగాడు, వద్దన్నాను. కళ్యాణదుర్గం సార్‌కు ఈ బొమ్మ చూపించాలని ఉంది, కానీ వాడు దాన్ని ఇంటికి పట్టుకుపోయాడు.

లారీ వెనుక మాత్రం రెండు కోసు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు ఇంకా అలాగే ఉన్నాయి.